ఖాళీ ఒడి

మతి చెదిరినవాళ్లను ఆ కొండ కింది దర్గాకు తీసుకొచ్చేవాళ్లు. నూరుల్లా బాబా వాళ్లతో మాట్లాడి, అవసరమైతే కొన్నాళ్లు అక్కడే ఉంచుకునేవాడు. వచ్చినవాళ్ల సంగతి ముందుగా కనుక్కునే పని శిష్యుడు దస్తగిరిది. చేయగా చేయగా, మనిషి గడప తొక్కగానే రోగమేదో చెప్పగలనన్న ధీమా అతనికి కుదిరింది.

ఒక ఉదయం ఓబులమ్మను ఆమె అత్త, మొగుడు పట్టుకొచ్చారు. ఆమె గోడవారగా చతికిలబడి, చేతులు ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఊగుతోంది.

దస్తగిరి అత్తను అడిగాడు.

"నిద్రపోతుందా?"

"యాడ పోతుంది సామీ!"

"మాట్లాడుతుందా?"

"పిలిచినా ఉలకదు, పలకదు."

"ఎప్పట్నుంచి?"

అత్త తన కొడుకు వైపు చూసింది. "కాన్పయినప్పట్నుంచి" అన్నాడతను, నేల చూస్తూ.

దస్తగిరికి అది చాలు. లోపలికెళ్లి, "బాలింత పిచ్చి, బాబా" అన్నాడు.

"ఆమె ఏమంది?"

"ఆమె ఏమీ అనదు. అదే గదా రోగం!"

బాబా లేచొచ్చి ఓబులమ్మ పక్కన నేలమీదే కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. కాసేపు చూసి, తనూ ఊగసాగాడు, ఆమె ఎంత మెల్లగా ఊగితే అంత మెల్లగా. అత్త బిత్తరపోయింది. దస్తగిరికి తల కొట్టేసినట్టయింది.

ఎండ గడప దాటి లోపలికొచ్చింది. ఇద్దరూ ఊగుతూనే ఉన్నారు. ముసలాయన గొంతులో సన్నగా ఒక జోల కూనిరాగం మొదలైంది.

దస్తగిరి ఇక ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు. "బాబా, జనం చూస్తా ఉన్నారు..."

ఓబులమ్మ తలెత్తింది. పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగా అన్నా. ఇప్పుడే కన్ను మూసినాడు."

అత్త భోరుమంది. మొగుడు విసురుగా బయటికి వెళ్లి, అరుగు మీద కూలబడ్డాడు.

బాబా తన భుజం మీది తువ్వాలు తీసి ఆ ఖాళీ ఒడి మీద కప్పాడు.

"పేరు పెట్టుకున్నావా తల్లీ?"

"పెట్టనీలేదు. పోయినోనికి పేరెందుకన్నారు."

అంటూనే ఆమె ఏడ్చింది. బిడ్డను మన్నులో పెట్టిన నాడు కూడా రాని ఏడుపు అది. బాబా ఆపలేదు. చాలాసేపటికి శిష్యుడి వైపు తిరిగాడు.

"ఇప్పుడు అడుగు నాయనా, ఏం పేరు అనుకుందో."

దస్తగిరి వచ్చి ఓబులమ్మకు అటు పక్క నేలమీద కూర్చున్నాడు.