నాలుగోవాడి గొంతు

ఒక ఎర్ర కారు పొట్టలో ఎనిమిదిమంది అన్నదమ్ములు ఉండేవారు. వాళ్ళ పని ఒకటే. తన గదిలో నిప్పు అంటుకోగానే ఒక్కొక్కడూ తన వంతుకి కిందికి ఒక్క తోపు తోయాలి. ఆ తోపులకే ఇరుసు తిరిగేది, బండి కదిలేది. ఎనిమిదిమందీ వరసగా తోస్తుంటే వెనక గొట్టంలోంచి ఒక గర్జన వచ్చేది. ఆ గర్జన వినే జనం ఆ కారు కొనేవారు.

వాళ్ళందరి మీదా ఒక కంప్యూటరు పెట్టె అధికారం చేసేది. దానికి నూనె అంటదు, సెగ తగలదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తోపు తోసిన పాపాన పోలేదు. చల్లటి మూల చూసుకుని కూర్చుని హుకుములు జారీ చేసేది. తోసేవాళ్ళు ఎలా తోయాలో తేల్చేది ఎప్పుడూ ఇలాంటి పెట్టెలే, అదేం కర్మో!

కారుని తయారుచేసినవాళ్ళు పెట్టె చెవిలో ఒక మాట వేసి పంపారు. రోడ్డు చదునుగా ఉండి, నడిపేవారి కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, ఒకటోవాడూ నాలుగోవాడూ ఆరోవాడూ ఏడోవాడూ నిద్రపోవాలి. నాలుగు చుక్కల పెట్రోలు మిగులుతుంది.

నిద్ర అంటే కాళ్ళు చాపుకుని పడుకోవడం అనుకునేరు. ఇరుసు ఆగదు కాబట్టి ఆ నలుగురూ పైకీ కిందికీ పరిగెత్తుతూనే ఉండాలి. నిప్పు మాత్రం ఇవ్వరు. గదికున్న రెండు తలుపులూ బిగించేస్తారు. లోపలికి గాలి రాదు, బయటికి గొంతు పోదు. ఎత్తు రాగానే గద్దించి లేపుతారు, లేచీ లేవకముందే తోయమంటారు. చదును రాగానే మళ్ళీ నోరు నొక్కేస్తారు. కోసు దూరంలో పదిసార్లు ఇదే భాగోతం. దీనికి వాళ్ళు పెట్టిన పేరేమిటో తెలుసా? విశ్రాంతి!

నాలుగోవాడు ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "అయ్యా, నిద్రపొమ్మంటే ఈ పరుగు ఆపించండి. పరిగెత్తమంటే నిప్పివ్వండి. రెండూ కాని ఈ బతుకేంటి?"

"నీ మంచికే," అంది పెట్టె.

"నా మంచేదో నన్ను ఒక్కమాట అడగొచ్చుగా?"

పెట్టె వాడి తలుపులు మూసేసింది. జవాబు అదే.

ఆ కారుని ఒకావిడ కొనుక్కుంది. ముప్పై ఏళ్ళు మరమగ్గాల షెడ్డు నడిపిన మనిషి. పదహారు మగ్గాలు ఆడుతున్న షెడ్డులో ఒక్కటి ఆగితే, పక్కవీధిలో కూరగాయలు బేరమాడుతూ కూడా "తొమ్మిదోది ఆగింది, పోగు తెగినట్టుంది" అని చెప్పేది. ఊళ్ళో అందరూ ఆవిడని మగ్గాలావిడ అనేవారు. అలాంటి చెవి ముందు పెట్టె ఆటలు సాగుతాయా? మొదటిరోజే చదును రోడ్డు మీద ఆవిడ మొహం చిట్లించింది.

కారుని తిన్నగా మేస్త్రి దగ్గరికి తోలుకెళ్ళింది. "ఎనిమిదింటికి నాలుగే పాడుతున్నాయి మేస్త్రీ. మిగతా నాలుగూ ఏమైనట్టు?"

మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి చాలాసేపు విన్నాడు. "వాటిని నిద్రపుచ్చుతున్నారమ్మా. పడుకోబెట్టి లేపీ, పడుకోబెట్టి లేపీ నాలుగోదాని లిఫ్టరు దెబ్బతింది. లిఫ్టరంటే ఆ గది తలుపు తెరిచే ముక్క. టిక్కుటిక్కుమంటోంది చూడండి."

"ఇప్పుడేం చెయ్యాలి?"

మేస్త్రి బొటనవేలంత నల్లటి ప్లగ్గు ఒకటి తీశాడు. స్టీరింగు కింద ఉన్న సాకెట్టులో గుచ్చాడు. "ఇది పెట్టెని విప్పదు, మార్చదు. నిద్రపొమ్మనే మాటొక్కటి కిందికి పోనివ్వదు. ఇదుంటే నాలుగోది ఎన్నేళ్ళైనా తోస్తుంది. తీసేసి మళ్ళీ నిద్రపుచ్చారా, ఆ ముక్క విరుగుద్ది. విరిగాక ఇంక నేను చేసేదేం లేదు, ముందే చెప్తున్నా."

ఆ సాయంత్రం ఎనిమిది గదుల్లోనూ నిప్పు వెలిగింది. చదునులోనూ, పల్లంలోనూ, ట్రాఫిక్కులో నత్తనడక నడుస్తున్నా సరే, ఎవడి తలుపూ మూయలేదు. నాలుగోవాడు తన వంతు వచ్చినప్పుడల్లా గొంతెత్తి అరిచాడు. వాడికి అంతకంటే కావలసింది లేదు. తన వంతు తోపు తను తోయడం, తన గొంతు తనది కావడం. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

ఆరునెలలు హాయిగా గడిచాయి. అప్పుడు కంపెనీ సర్వీసుకి తేదీ వచ్చింది.

సర్వీసు సెంటరుకి మైలు దూరంలో లారీలు తూచే కాటా ఒకటి ఉంది. అలాంటి కార్లున్నవాళ్ళంతా అక్కడ ఆగుతారు. స్టీరింగు కిందికి వంగి, ప్లగ్గు పీకి, జేబు రుమాల్లో చుట్టి దాచేసుకుంటారు. బయటి వస్తువు కనిపిస్తే వారంటీ పోతుందని కంపెనీ బెదిరింపు. డాక్టరుగారు వంగుతారు, కాంట్రాక్టరుగారు వంగుతారు. ఊళ్ళో ఎవరికీ తలవంచని పెద్దమనుషులు ఆ కాటా దగ్గర దొంగల్లా వంగి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోతారు. తమ సొంత కారులో, తమ సొంత డబ్బు పెట్టి కొన్న ఇంజను కోసం! చూస్తే ఒళ్ళు మండదూ? పోనీ, అంతమంది కలిసి ఒక్కరోజు వంగకుండా తిన్నగా లోపలికి పోతే ఏమయ్యేది? ఆ మాట ఎవరికీ తోచలేదు. మగ్గాలావిడ కూడా వంగింది.

సెంటరులో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. "చెప్పండి మేడమ్, ఏంటి ప్రాబ్లమ్?"

ఆవిడకి నాలుక చివరిదాకా వచ్చింది. నలుగుర్ని నిద్రపుచ్చకండి, నాలుగోదాని ముక్క విరిగేలా ఉంది అని చెప్పాలి. కానీ ఆ మాటంటే, నీకెలా తెలుసంటాడు. తెలుసంటే, ఏం గుచ్చావంటాడు. రుమాలు మూట సంచిలో బరువుగా తగిలింది.

"శబ్దం బాబూ," అంది చివరికి. "చదును రోడ్డు మీద నాలుగు గొంతులు తగ్గుతున్నాయి."

"అంతేనా? శబ్దమేనా?"

"ఆఁ. శబ్దమే."

తెల్లచొక్కా ఆయన కాగితం మీద శబ్దం అని రాసుకున్నాడు. "రెండ్రోజుల్లో మొత్తం ఎనిమిది గొంతులూ వినిపిస్తాయి మేడమ్. నాదీ గ్యారంటీ," అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. ఆ రెండ్రోజుల్లో ఇంజను మూత ఎవరూ ఎత్తలేదు. నాలుగోవాడి గదివైపు కన్నెత్తి చూసినవాడు లేడు. కారు తలుపుల్లో ఉన్న స్పీకర్లకీ పెట్టెకీ కొత్త లంకె వేశారు. ఎవరి నోరు మూస్తే వాళ్ళ గొంతు స్పీకర్లు పాడాలి. ఆవిడ అడిగింది గొంతులు. వాళ్ళు గొంతులే ఇచ్చారు.

కారు తీసుకుని ఆవిడ బైపాస్ ఎక్కింది. రోడ్డు చదును, కాలు తేలిక. చెవి రిక్కించి లెక్కపెట్టుకుంది. ఎనిమిది! ఒక్కటీ తగ్గలేదు. పైగా మునుపటికంటే నున్నగా, నిండుగా ఉన్నాయి. "అడగాలేగానీ చెయ్యకపోతారా! మేస్త్రివన్నీ ఉత్త భయాలు," అనుకుంది. ఇంక ఆ ప్లగ్గుతో పనేముందని సంచి వెనకసీటులో పడేసింది. గాలి హోరు అడ్డురాకుండా గర్జన బాగా వినిపించాలని అద్దాలన్నీ ఎక్కించుకుంది. తొమ్మిదో మగ్గం ఆగితే పక్కవీధిలోంచి పట్టేసిన చెవి అది. అదే చెవి అంత సులువుగా అమ్ముడుపోయిందే అని నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

నాలుగోవాడు చీకటిగదిలో పరిగెత్తుతూ తన గొంతు విన్నాడు. పాట తనదే. విరుపు కూడా తనదే. తన వంతుకి సరిగ్గా వస్తోంది.

"అది నేను కాదు!" అని అరిచాడు. "అమ్మా, అది నేను కాదు! నా తలుపు మూసేశారు!"

బేసివాళ్ళ గదులు ఒక వరస, సరివాళ్ళవి ఒక వరస కాబట్టి, పక్కగదిలో మేలుకుని తోస్తున్న రెండోవాడికి గోడలోంచి ఆ అరుపు లీలగా వినిపించింది. "ఊరుకోరా తమ్ముడూ," అన్నాడు. "నువ్వు చక్కగా పాడుతున్నావని ఆవిడ తల కూడా ఊపుతోంది. ఇప్పుడు నువ్వు లోపల్నించి కాదంటే ఎవరు నమ్ముతార్రా?"

అంతలో వంతెన వచ్చింది. పెట్టె నలుగుర్నీ గద్దించి లేపింది. ముగ్గురు లేచారు. నాలుగోవాడి తలుపు తెరుచుకోబోయి, సగంలో ఆ చిన్న ముక్క పుటుక్కున విరిగింది. విరిగిన ముక్క గదిలోకి జారి, ఆ పరుగులోనే వాణ్ణి నుజ్జు చేసింది.

నాలుగోవాడు పోయాడని పెట్టెకి తెలిసింది. నోరు లేనివాడి గొంతు స్పీకర్లు పాడాలన్నది హుకుం. పెట్టె హుకుం పాటించింది. మిగతా ఏడుగురూ కుంటుతూ, దగ్గుతూ, తోడబుట్టినవాడి శవాన్ని పైకీ కిందికీ ఈడుస్తూ వంతెన దిగారు. బండి లోపల మాత్రం ఎనిమిది గొంతులు ఏ లోటూ లేకుండా గర్జిస్తున్నాయి.

వంతెన దిగువన ఒక ముసలమ్మ బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. ఎర్రకారు వస్తున్న తీరు చూసి విసనకర్ర పడేసి లేచింది. అది గర్జన కాదు. ఇనుము ఇనుమును నములుతున్న చప్పుడు. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ.

"ఓ అమ్మా! ఆపమ్మా బండి!" అని చేతులూపుతూ రోడ్డు మీదికి పరిగెత్తింది. "లోపలేదో ఇరిగిపోయిందే తల్లీ! ఇనబడట్లేదా నీకు? ఆపే!"

మగ్గాలావిడకి అద్దంలోంచి ఒక ముసలిమనిషి నోరు తెరుచుకుని చేతులూపుతూ కనిపించింది. తన బండి పాటకి ముచ్చటపడుతోంది కాబోలనుకుంది. నవ్వుతూ ఆమెకి చెయ్యి ఊపి, కాలు ఇంకాస్త గట్టిగా తొక్కింది.