రాతికొట్టులో రాజుగారి తురాయి

కొండల నడుమ చిటికెడంత రాజ్యం ఒకటి ఉండేది. పంట తక్కువ, పరపతి ఎక్కువ. ఆ పరపతి అంతా సొమ్ము దాచిపెట్టే అక్కడి రాతికొట్టుది. ఏ దేశంవాడైనా సొమ్ము కుండలో పెట్టి తెస్తే పేరడగరు. మట్టిబిళ్ల ఒకటి రెండుగా విరిచి, సగం కుండ మెడకు కడతారు, సగం తెచ్చినవాడి చేతికిస్తారు. ఆ సగం చూపిస్తేనే కుండ కదులుతుంది. రాజడిగినా కదలదని శాసనం వేయించింది రాజు ఉద్దండవర్మే.

రానురాను దోచిన సొమ్ము దాచుకోవడానికి దొంగలకు ఆ దారి బాగా అలవాటైంది. ఆ కోపంతో పొరుగు రాజ్యంవాళ్లు ఉప్పుబళ్లు ఆపేశారు. కొట్టు అధికారి ఓబళయ్యకు అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ రాజ్యంలోనే కాపురముంటున్న కూతురు నాంచారికి సీమంతానికి గాజులు పంపితే, వియ్యపురాలు తిప్పి పంపింది. ఎవరి సొమ్మో తెలిశాక తొడుగుదాం అందట.

శాసనం మార్చమని ఓబళయ్య మొరపెట్టుకున్నాడు. నోరు మెదపకపోవడమే మన గొప్ప అంటూ రాజు మీసం దువ్వాడు. చెరువు తవ్వకానికి దాచిన తమ సొమ్ము దొంగలెత్తుకొచ్చి ఈ కొట్టులోనే పెట్టారని, అది తిరిగి ఇమ్మని అడగడానికి పొరుగు రాయబారి మర్నాడు వస్తున్నాడు. అతనికీ అదే జవాబన్నాడు.

తెల్లవారింది. రాయబారి సభలో కూర్చున్నాడు. రాజు రాలేదు. తలపాగా మీది వజ్రాల తురాయి కనబడటం లేదు. అది లేకుండా ఆయన గడప దాటి ఎరగడు. అంతఃపురమంతా గాలించాక, అది రాతికొట్టులో ఉందని ఓబళయ్య చేతులు కట్టుకుని విన్నవించాడు.

"అయితే తీసుకురావయ్యా."

"సగం బిళ్ల తమ దగ్గరుందా ప్రభూ?"

"నా తురాయికి నాకు బిళ్లేమిటి? దాచిందెవడు?"

"పేరడగకూడదు కదా. తమ శాసనమే."

రాజు బోసి తలపాగా తడుముకున్నాడు. "అది నాదని ఊరందరికీ తెలుసు. అయినా నా చేతికి రాదా?"

"బయట కూర్చున్న రాయబారి కూడా అదే అడగడానికి వచ్చాడు ప్రభూ."

రాజు తలపాగా మీంచి చెయ్యి తీశాడు. తర్వాత ఆ బోసి తలపాగాతోనే సభకు వెళ్లాడు. ఇకమీదట పేరూ ఊరూ చెప్పందే కుండ దించుకోరాదని, రుజువు చూపినవారి సొమ్ము వారికి ఇచ్చేయాలని ప్రకటించాడు.

అప్పుడు ఓబళయ్య మొలలోంచి సగం బిళ్ల తీసి రాజు ముందు పెట్టాడు.

రాజు బిళ్లను చూశాడు, ఓబళయ్యను చూశాడు, పగలబడి నవ్వాడు. "నన్నే దోచి నాకే బుద్ధి చెప్పావటయ్యా," అంటూ నాంచారికని మేలిమి బంగారు గాజుల జత బహూకరించాడు.

ఓబళయ్య కళ్లకద్దుకున్నాడు గానీ కదల్లేదు. ఇంకేం కావాలని రాజు అడిగాడు.

"ఇవి ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఒక ముక్క రాయించి ముద్ర వేయించండి ప్రభూ. మా వియ్యపురాలు అడుగుతుంది."