చెన్నాచారి చెక్కవిమానం

అనగా అనగా, పిల్లలూ పెద్దలూ వినండి, జంటగిరి అని ఒక రాజ్యం ఉండేది. పేరుకు తగ్గట్టే దానికి రెండు కొండలు. ఒక కొండ మీద రాజుగారి కోట, ఊరు, అంగడి. ఎదుటి కొండ మీద ఏడు పల్లెలు. రెంటి నడుమ లోతైన లోయ, లోయ అడుగున ఉరకలు వేసే ఏరు. ఈ కొండ మీద నిలబడి గట్టిగా పిలిస్తే ఆ కొండ మీది వాళ్లకు వినబడేది. కానీ అక్కడికి చేరాలంటే మూడు రోజులు నడవాలి. ఏరు పొంగితే ఆ దారీ లేదు.

కోట వెనుక వీధిలో చెన్నాచారి అనే వడ్రంగి ఉండేవాడు. అతని భార్య ఓబుళమ్మ పుట్టిల్లు ఎదుటి కొండ మీద. రోజూ పొద్దున పెరట్లో నిలబడితే తల్లి పొయ్యి పొగ ఆమెకు కనిపించేది. ఒక వానాకాలంలో ఆ పొగ లేవడం ఆగిపోయింది. ఏరు తగ్గి, దారి నడిచి, ఓబుళమ్మ వెళ్లేసరికి తల్లి పోయి పన్నెండు రోజులైంది.

తిరిగి వచ్చాక ఒక రోజు ఆమె పెరట్లో కూర్చుని, లోయ మీద తిరుగుతున్న గద్దను చూస్తూ, "అది రెక్క ఆడించకుండానే దాటుతోంది చూడు," అంది.

చెన్నాచారి చూశాడు. ఆ రోజంతా చూశాడు. మర్నాడు గొడ్డలి భుజాన వేసుకుని అడవికి వెళ్లాడు.

మూడేళ్లు పట్టింది.

మొదటి ఏడు కర్రకే సరిపోయింది. కనిపించిన చెట్టునల్లా కొట్టలేదతను. నార తిన్నగా పారిన కర్ర, ముడి లేని కర్ర, బరువు తక్కువై బిగువు ఎక్కువైన కర్ర వెతికి వెతికి తెచ్చి నీడలో ఆరబెట్టాడు. రెక్కల దూలాలకు గుమ్మడి టేకు, వాటికి అడ్డంగా పెట్టే ఎముకలకు బొమ్మలు చెక్కే తేలికైన తెల్లపొనికి.

రెండో ఏడు కూర్పుకు. మేకు ఒక్కటి కొట్టలేదు. వడ్రంగులు వజ్రం అని పిలుచుకునే జిగురును కాచి, అతుకు అతుకుకూ పూసి, తాళ్లతో బిగించి, ఆరేదాకా దాని జోలికి పోలేదు.

మూడో ఏడు ఓబుళమ్మది. సన్నని నూలు బట్టను రెక్కల మీద పరిచి ఎముక ఎముకకూ కుట్టింది. దాని మీద చింతగింజల గంజి, గంజి మీద అవిసె నూనె, పొర మీద పొర రాసింది. ఎండ తగిలేసరికి బట్ట మద్దెల చర్మంలా బిగిసింది.

ముందు ఒక చెక్క పంకా. దాన్ని తిప్పడానికి కాళ్లతో తొక్కే మర. వెనుక చేపతోక లాంటి తోక, దాన్ని అటూ ఇటూ లాగడానికి రెండు తాళ్లు. ఇదీ వాళ్ల విమానం.

"ఎవరం ఎక్కుదాం?" అన్నాడు చెన్నాచారి.

"బరువు తక్కువున్న వాళ్లు," అని ఓబుళమ్మ కొంగు బిగించి ఎక్కి కూర్చుంది.

విమానం కొండవాలు మీద జారింది. అంచు దాటి నాలుగు బారలు కిందికి పోయింది. అప్పుడు గాలి అందుకుని లేచింది. లోయ దాటింది. ఎదుటి కొండ మీది పచ్చికలో దిగింది. సాయంత్రం గాలి తిరిగాక, వెళ్లినంత నెమ్మదిగా తిరిగి వచ్చింది.

జయకేతు మహారాజు స్వయంగా ఎదురు వచ్చాడు. చెన్నాచారికి గగనశిల్పి అని బిరుదు ఇచ్చాడు. చేతికి బంగారు కడియం తొడిగాడు. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి చూస్తుంటే, చెన్నాచారి ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచాడు. అతనికి గర్వంగా ఉంది. ఆ గర్వాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మర్నాడు తెల్లవారగానే ఓబుళమ్మ బయటికి వచ్చి చూస్తే, మొగుడు విమానం పక్కన వంగి ఉన్నాడు. తోక దగ్గర మొదలుపెట్టి, వేలి కణుపుతో కర్రను కొడుతూ, చెవి ఆనించి వింటూ, అంగుళం అంగుళం ముందుకు వస్తున్నాడు.

"ఎగిరింది కదా, ఇంకేం చూస్తున్నావయ్యా?"

"నిన్న ఎగిరింది. ఇవాళ్టి సంగతి కర్రనే అడగాలి. అతుకు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పట్టు విడిస్తే డొల్లగా పలుకుతుంది. అది అబద్ధం చెప్పదే."

ఆనాటి నుంచి ఎగిరే ముందు ప్రతిసారీ అదే పని. కర్రను కొట్టి వినేవాడు. తాళ్లను వేళ్ల మధ్య లాగి, తెగిన పోగుల కోసం తడిమేవాడు. రెక్కల అడుగున వాననీరు కారిపోవడానికి చీమ దూరేంత కంతలు పెట్టాడు. వాటిలో ఈనె దూర్చి చూసేవాడు. ఈ మూడూ అయ్యాకే ఓబుళమ్మను ఎక్కనిచ్చేవాడు.

ఇది ఇలా ఉండగా, ఆ ఊళ్లో మాణిక్యశెట్టి అనే పెద్ద వర్తకుడికి రాజుగారి మెప్పు మీద మనసు పోయింది. పది మంది పనివాళ్లను పెట్టాడు. మూడేళ్ల పని మూడు నెలల్లో చేయించాడు. కర్ర ఆరలేదంటే రంగు వేయమన్నాడు. అతుకు కుదరలేదంటే మేకు కొట్టమన్నాడు. రెక్కలకు పట్టుబట్ట, ముక్కుకు బంగారు నెమలి. తొక్కడానికి కుస్తీలు పట్టే బలమైన జెట్టిని కుదిర్చాడు. చూడ్డానికి అది పెళ్లి పల్లకీలా ఉంది.

రాజుగారి పట్టాభిషేకం జరిగిన రోజున ఏటేటా చేసే పండుగ వచ్చింది. రెండు విమానాలూ ఎగరాలని ఆజ్ఞ. పొద్దున చెన్నాచారి కర్రను కొడుతూ ఎడమ రెక్క మూడో ఎముక దగ్గర ఆగాడు. మళ్లీ కొట్టాడు. డొల్లగా పలికింది.

సభకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఈరోజు నా విమానం ఎగరదు. ఒక అతుకు విడిచింది."

"బయటికి ఏమైనా కనిపిస్తోందా?" అన్నాడు రాజు.

"కనిపించదు ప్రభూ. వినిపిస్తోంది."

సభ గొల్లున నవ్వింది. ఆ రోజు శెట్టి విమానం ఒక్కటే ఎగిరింది. పట్టు రెక్కలు ఎండలో మెరిశాయి. జనం చప్పట్లు ఊరి చివరి దాకా వినబడ్డాయి. చెన్నాచారి తన కొట్టంలో కూర్చుని ఎముక విప్పి, పాత జిగురు గీకి, కొత్త జిగురు పూశాడు.

రెండోసారి పొరుగుదేశపు రాజు విందుకు వచ్చాడు. అతనికి గగనశిల్పి పని చూపించాలని జయకేతు ముచ్చటపడ్డాడు. కానీ చెన్నాచారి కుడి రెక్క అడుగున ఈనె దూర్చితే అది లోపలికి పోలేదు. కందిరీగ మట్టి తెచ్చి కంత మూసింది. నీరు నిలిచి, దూలం మీద అరచేయంత మేర కర్ర నల్లబడింది. బాగుచేయడానికి తొమ్మిది రోజులు కావాలి.

"ప్రభూ, ఈసారి కూడా..." అని మొదలుపెట్టేసరికే రాజు ముఖం ఎర్రబడింది.

"శెట్టి విమానానికి లేని రోగాలు నీ విమానానికే వస్తాయేం?"

"అన్ని విమానాలకూ వస్తాయి ప్రభూ. వెతికితే దొరుకుతాయి."

"అతిథి ముందు నా పరువు తీశావు. బిరుదు వెనక్కి తీసుకుంటున్నాను. కడియం తీసి అక్కడ పెట్టు."

చెన్నాచారి కడియం తీసి మెట్టు మీద పెట్టాడు. మెల్లగా ఇంటికి వచ్చాడు. పళ్లెం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"ఎగరనిచ్చి ఉంటే సరిపోయేదేమో," అన్నాడు చివరికి. "ఒక్కసారికి ఏమీ అయ్యేది కాదేమో."

ఓబుళమ్మ అతని ఎదురుగా కూర్చుంది. "అది ఎక్కేది నేను. నువ్వు రాజుగారితో కాదన్న ప్రతిసారీ నా ప్రాణం నిలిపినట్టే. కడియం లేకపోతే చేతికి ఏం తక్కువైంది? తిను."

అతను తిన్నాడు. తిని లేచి ఉలి పట్టాడు. నల్లబడిన కర్రను తీసేసి, ఏటవాలుగా చెక్కిన కొత్త ముక్కను అతికించాడు. తొమ్మిదో రోజు కళ్లు మూసుకుని వేలితో రాసి చూస్తే, పాత కర్ర ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో తెలియలేదు. అది చూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా, రాజు కడియం తొడిగిన రోజు కంటే ఆ రోజే అతనికి ఎక్కువ గర్వంగా అనిపించింది.

మూడోసారి పిలుపు వేడుక కోసం రాలేదు.

వానలు పట్టుకున్నాయి. ఏరు ఒడ్లు దాటి పొంగింది. ఎదుటి కొండ పల్లెల్లో విషజ్వరం పుట్టింది. వాళ్లు అంచుకు వచ్చి అరిచారు: "ముగ్గురు పోయారు, నలభై మంది పడి ఉన్నారు, మందు పంపండి." ఆస్థాన వైద్యుడు మందు కాచి, చిన్న పిడతల్లో పోసి బుట్టకెత్తాడు. రాజు తడుస్తూనే కొండవాలు దగ్గరికి వచ్చి రెండు విమానాలనూ తెప్పించాడు.

వాన కాస్త తెరిపి ఇచ్చింది. శెట్టి విమానం సిద్ధంగా నిలబడింది. చెన్నాచారి మాత్రం తోక దగ్గర వంగి కర్రను కొడుతున్నాడు.

"ఇప్పుడు కూడానా?" అన్నాడు రాజు. గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. "అక్కడ ప్రాణాలు పోతున్నాయి, చెన్నాచారీ."

"మందు లోయలో పడితే అవి ఎలాగూ పోతాయి ప్రభూ." అతను తాడును వేళ్ల మధ్య లాగుతూ ఆగాడు. తోకను తిప్పే ఎడమ తాడులో మూడు పోగులు తెగి ఉన్నాయి. "ఒక తాంబూలం వేసుకున్నంత సేపు ఇవ్వండి. మార్చడానికి వేరే తాడు నా దగ్గర ఉంది."

రాజు అతన్ని చూశాడు. ఎదుటి కొండ మీద చేతులు ఊపుతున్న జనాన్ని చూశాడు. ఆగలేకపోయాడు. "శెట్టీ, నీ విమానం పోనీ," అన్నాడు.

జెట్టి బుట్ట ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు. బంగారు నెమలి వాలు మీద జారడం మొదలుపెట్టింది. అంచుకు ఇంకా పది బారలు ఉందనగా ఒక విసురు గాలి వచ్చింది. పటుక్కుమని చప్పుడైంది. కుడి రెక్క వాలిపోయింది. విమానం గిర్రున తిరిగి తంగేడు పొదల్లోకి దూసుకుపోయి ఆగింది. జెట్టి ఒళ్లంతా గీరుకుపోయి, బుట్టను మాత్రం ఎత్తి పట్టుకుని బయటికి వచ్చాడు. విరిగిన రెక్కలో కర్ర తడిసిన పిండిలా ఉంది. మేకుల చుట్టూ తుప్పు. పైన పట్టు మాత్రం ఇంకా మెరుస్తోంది.

వెనుక చెన్నాచారి కొత్త తాడు ముడి బిగించిన చప్పుడు వినిపించింది.

ఓబుళమ్మ బుట్ట అందుకుని ఎక్కింది. "కొట్టి విన్నావా?" అంది.

"విన్నాను."

"ఏమంది?"

"గట్టిగా ఉన్నానంది."

"సరే మరి, వదులు."

అతను వదిలాడు. విమానం అంచు దాటి కిందికి పోయింది. తన చేతులతో పూసిన ప్రతి అతుకూ అతనికి మనసులో కనిపించింది, ఒక్కదాని మీద కూడా అనుమానం రాలేదు. నూలు రెక్కలు గాలి పట్టాయి. వాన మబ్బుల కింద, పొంగే ఏటి మీదుగా, ఏ మెరుపూ లేని ఆ చెక్కవిమానం లోయ దాటి పచ్చికలో దిగింది. ఎదుటి కొండ మీది కేకలు ఇటు వినబడ్డాయి.

మూడు రోజుల్లో అది మూడుసార్లు వెళ్లి వచ్చింది. మొదట మందు, తరువాత ఓబుళమ్మ వెనుక ఒదిగి కూర్చున్న బక్కపలచని వైద్యుడు, ఆ తరువాత మళ్లీ మందు. వచ్చిన ప్రతిసారీ చెన్నాచారి తోక నుంచి ముక్కు దాకా కొట్టి విన్నాడు. ఇప్పుడు అతన్ని తొందరపెట్టిన వాళ్లు లేరు. జయకేతు మహారాజు తాటాకు గొడుగు తెప్పించి, తన తలకు కాక విమానం రెక్కకు పట్టి, వడ్రంగి వెంట అడుగు అడుగూ కదిలాడు. మందు అందాక ఆ జ్వరం ఇంకెవరినీ తీసుకుపోలేదు.

ఏరు తగ్గాక సభ తీరింది. రాజు కడియం చేతిలో పట్టుకుని సింహాసనం దిగాడు.

"చెన్నాచారీ, నేను చూసి నమ్మాను. నువ్వు విని నమ్మావు. తప్పు నాది. ఇది నీది. నీ విమానానికి బంగారు పూత కూడా వేయిస్తాను."

"కడియం తీసుకుంటాను ప్రభూ, అది పని చేసి సంపాదించుకున్నది," అన్నాడు చెన్నాచారి తలెత్తి. "బంగారం వద్దు, బరువు. వాన పడని ఒక కొట్టం కట్టించండి. కట్టినవాడు కొట్టి విని సరే అనేదాకా ఏ విమానాన్నీ ఎగరమని ఎవరూ ఆజ్ఞాపించకూడదని శాసనం వేయించండి. తమరైనా సరే."

సభ ఉలిక్కిపడింది. రాజు నవ్వాడు. "నేనైనా సరే," అని రాయసగాడిని పిలిచి అప్పటికప్పుడు రాయించాడు.

వారం తిరక్కముందే మాణిక్యశెట్టి చెన్నాచారి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నా విమానం బాగుపడుతుందా, ఆచారిగారూ?" అన్నాడు.

"విప్పి మొదటి నుంచి కట్టాలి శెట్టిగారూ. మూడేళ్లు పడుతుంది."

"పట్టనివ్వండి. ముందు ఆ కర్ర ఎలా పలుకుతుందో నాకూ నేర్పండి."

చెన్నాచారి అతన్ని కొట్టంలోకి తీసుకుపోయాడు. శెట్టి చేత వేలు కర్ర మీద పెట్టించాడు.

కనుక పిల్లలూ, మెప్పు పొందడంతోనే పని పూర్తి కాదు. దాన్ని రోజూ పరీక్షించి, కనబడిన లోపాన్ని నలుగురిలో ఒప్పుకుని సరిచేసేవాడి పనే ఆపద వేళ నిలబడుతుంది, అతని గర్వమే నిజమైన గర్వం.