నిన్నటి అన్నం

బొబ్బరపేట బస్టాండు దగ్గర ఫాస్ట్‌ఫుడ్ బండి పెట్టుకున్న గౌరునాయుడి ఇంట్లో ముగ్గురు మనుషులు. గౌరునాయుడు, పెళ్ళాం పోలమ్మ, తమ్ముడు సన్నిబాబు. ముగ్గురి బుర్రలూ కలిపినా ఒక మనిషికి సరిపోవని ఊరంతటికీ తెలుసు, వాళ్ళకి తప్ప. "మనింట్లో తెలివి ఎక్కువైపోయి అటక మీద దాస్తన్నాం" అనేవాడు గౌరునాయుడు.

సన్నిబాబు మూడేళ్ళు కలకత్తాలో ఒక చైనా ముసలాయన హోటల్లో గిన్నెలు తోమాడు. ఆయన తాతలది యాంగ్జౌ అనే ఊరు. వేపుడన్నానికి ఆ ఊరు పెట్టింది పేరట. సన్నిబాబు తిరిగొచ్చేటప్పుడు ముసలాయన నాలుగు ముక్కలు చెప్పి పంపాడు: అన్నం నిన్నటిది కావాలి, గింజకి గింజ అంటుకోకూడదు, ప్రతి గింజకీ గుడ్డు పూత పట్టాలి, బాణలి విసిరితే అన్నం గాల్లోకి లేవాలి.

ఒకరోజు పొద్దున్నే ప్రెసిడెంటు తవిటినాయుడు బండి దగ్గరికొచ్చాడు. "సాయంత్రం మా మనవడి పుట్టినరోజు. వంద మందికి ఆ చైనా అన్నమేదో చెయ్యండి. బాగుంటే ఈ చోటు మీదే. బాగోలేదా, దీన్ని మరిచిపోండి" అని వెళ్ళిపోయాడు.

ఆ బండి తప్ప వాళ్ళకి వేరే బతుకు లేదు. ముగ్గురూ తలలు పట్టుకున్నారు.

"ఇయాల వండితే ఇయాల్టి అన్నమే అవుద్ది గదా" అన్నాడు సన్నిబాబు.

"నిన్నటిది నిన్నే తినేసినాం" అన్నాడు గౌరునాయుడు.

"మనం తినేత్తే ఊరంతా తినేసినట్టేటి?" అంది పోలమ్మ.

అంతే. ముగ్గురూ బుట్టలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. "అమ్మా, నిన్నటన్నం ఉంటే పెట్టు తల్లీ." బండి మునిగి అడుక్కుతింటున్నారనుకుని ఊళ్ళో ఆడాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఒకావిడ పులిహోర వేసింది, ఇంకొకావిడ పెరుగన్నం వేసింది. మరొకావిడ పాత చీర కూడా ఇచ్చింది. "ఇది కూడా నిన్నటిదేనా అమ్మా?" అని అడిగి మరీ పుచ్చుకుంది పోలమ్మ.

పెరుగన్నం గింజకి గింజ అంటుకోకుండా ఉంటుందా? ఇంకేముంది, దొడ్లో చాపలు పరిచి మెతుకూ మెతుకూ విడదీసి పేర్చడం మొదలెట్టారు. మధ్యాహ్నానికి నడుములు విరిగాయి. అప్పుడొచ్చాయి పక్కింటి కోళ్ళు. సన్నిబాబు కర్ర తీశాడు.

"ఆగరా" అన్నాడు గౌరునాయుడు. "కోడి గింజ తరవాత గింజ ఏరుకుంటంది, సూడు. ఎలాగా గుడ్డు పూత పట్టాలి గదా. గుడ్డు దాని కడుపులోనే ఉంది."

ముగ్గురూ కోళ్ళకి దండం పెట్టి పక్కన కూర్చున్నారు. కోళ్ళు సగం అన్నం తినేసి వాళ్ళింటికి పోయాయి. పూత పట్టిన గింజ ఒక్కటీ తిరిగి రాలేదు. మిగిలిన సగానికి సున్నం వేసే కుంచెతో గుడ్డు పూసి, బాణలిలో పోసి ప్రెసిడెంటు వాకిట్లో పొయ్యి వెలిగించారు.

సన్నిబాబు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బాణలి విసిరాడు. అన్నం లేచింది. షామియానా మీద పడింది, కేకు మీద పడింది, ప్రెసిడెంటు మీసాల మీద పడింది. బాణలిలో మాత్రం ఒక్క మెతుకూ పడలేదు. తిరిగి బాణలిలో పడాలని ముసలాయన చెప్పలేదు మరి.

"ఎగిరింది అన్నయ్యా, ముసలాయన సెప్పినట్టే ఎగిరింది" అని సన్నిబాబు ఆనందంతో ఏడ్చేశాడు.

ప్రెసిడెంటు మీసం తుడుచుకుని అన్నాడు, "రేపు ఆ చోట మీ బండి నా కంటికి కనబడిందో, ముక్కలు చేయిస్తాను."

పోలమ్మ గొల్లుమంది. గౌరునాయుడు నవ్వాడు. "పిచ్చిదానా, కనబడకూడదన్నారు గానీ ఉండకూడదన్నారేటి?"

మర్నాడు పొద్దున్నే అదే చోట గొయ్యి తవ్వి, బండిని అందులోకి దించి, పైన తాటాకులు కప్పి మట్టి జల్లారు. ముగ్గురూ కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. నేలలోంచి వాసన వస్తుంటే బస్సు దిగినవాళ్ళు చుట్టూ వెతుక్కుని పోతున్నారు.

పదింటికి ప్రెసిడెంటు వచ్చాడు. బండి లేదు. "పీడ విరగడైంది" అని సంతోషంగా రెండడుగులు వేశాడు. ఇంకేముంది, తాటాకులతో సహా ఉల్లిపాయల బుట్టలో కూలబడ్డాడు.

గౌరునాయుడు గబగబా తువ్వాలు తీసి ఆయన కళ్ళకి గంతలు కట్టాడు. "తమరికి బండి కనబడకూడదు గదా బాబూ."

పోలమ్మ చేతులు కట్టుకుని వినయంగా అడిగింది, "ఎలాగా వొచ్చినారు, మీ ఇంట్లో నిన్నటన్నం ఏటైనా మిగిలిందా బాబూ?"