తరగని వంటచెరకు

జమీందారు కొత్త గానుగ వేయించి, పాతదాన్ని కొయ్యబొమ్మలు చేసే చిట్టోజుకు వంటచెరకుగా ఇచ్చాడు. "అన్నం వండుకోవడానికే సుమా! మరో పనికి వాడావంటే నీ ఎద్దును తోలుకుపోతాను" అన్నాడు.

చిట్టోజు గానుగను కాల్చలేదు. దానికో చక్రం బిగించి, చక్రం నుంచి కొయ్యను తిప్పి చెక్కే తన తరిమెనకు తాడు వేశాడు. ఎద్దు గానుగ చుట్టూ నడిస్తే తరిమెన మీది కొయ్య గిర్రున తిరిగేది, ఉలి ఆనిస్తే బొంగరమయ్యేది.

జమీందారు మండిపడుతూ వచ్చి ఎద్దు పలుపు పట్టుకున్నాడు. "అన్నం వండుకోరా అంటే ఆటబొమ్మలు చేస్తావా?"

"బొమ్మలమ్మి కొన్న బియ్యమే దొరా మా పొయ్యి మీద ఉడికేది" అన్నాడు చిట్టోజు. "తమరిచ్చిన వంటచెరకు మహా గట్టిది. రోజూ వండుతున్నా తరగడం లేదు. తరిగిన రోజున బూడిద దివాణానికి నేనే మోసుకొస్తాను."

జమీందారు పలుపు వదిలేశాడు. ఎద్దు మళ్లీ నడక మొదలుపెట్టింది.