పెంకు మీది మాట

జిలానీకి తన గురువు చెప్పే చదువు నచ్చలేదు.

గురువు మస్తాన్‌షా ముసలి ఫకీరు. పెన్న ఒడ్డున, దర్గా పక్కన ఒక పూరిపాకలో చుట్టుపక్కల పిల్లలకు అక్షరాలూ లెక్కలూ నేర్పేవాడు. పిల్లలు ఏ ఈకో, రాయో తెచ్చేవాళ్లు. దాని పేరు వాళ్లచేతే చెప్పించి, ఇసకలో రాసి దిద్దించేవాడు. చింతగింజలు కుప్పలు పోయించి కూడికలు చేయించేవాడు. పట్నంలో చదువుకొని వచ్చిన జిలానీకి అదంతా నత్తనడకగా తోచింది. ఆ మాటే ఒకరోజు గురువుతో అన్నాడు.

"అయితే నువ్వే చెప్పు నాయనా" అన్నాడు మస్తాన్‌షా, కోపమేమీ లేకుండా.

జిలానీ కొత్త ఆట పెట్టాడు. కుండపెంకుల మీద బొగ్గుతో మాటలు రాసి బుట్టలో వేశాడు. పిల్లలు తలా ఒక పెంకు తీసి, మాట చదివి, పరుగున పోయి ఆ వస్తువు తేవాలి. తెచ్చినదాన్ని చూసి ఒప్పో తప్పో జిలానీ చెబుతాడు. పిల్లలకు ఆట తెగ నచ్చింది. గుణింతాలు పట్టుబడనివాళ్లు కూడా కూడబలుక్కొని చదవసాగారు. ఒకడు 'అమ్మ' పెంకు తీసి, రొట్టెలు చేస్తున్న తల్లిని పిండిచేతులతోనే లాక్కొచ్చాడు. ఆరోజు అందరూ కడుపుబ్బా నవ్వారు. జిలానీ ఆ పెంకును మళ్లీ బుట్టలో వేశాడు.

మర్నాడు గురువు ఏటికవతల ఎవరికో జబ్బుగా ఉందంటే చూడబోయాడు. ఆ పెంకు మాబున్నికి వచ్చింది.

దూదేకులవాళ్ల పిల్ల. బడిలో చేరి ఎన్నాళ్లో కాలేదు. గోడవారన కూర్చునేది, నోరు విప్పేది కాదు. జిలానీ వంగి ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూపించాడు.

"అ... మ్మ" అని చదివింది. తనంతట తాను చదివిన మొదటి మాట అది.

"శభాష్. పో, తీసుకురా."

"పోవాల్నా అయ్యవారూ?"

"పోవాల. ఆలస్యమైతే ఓడిపోతావు."

మాబున్ని వెళ్లింది. మిగతావాళ్లంతా తిరిగొచ్చారు. పొద్దు వాలుతున్నా ఆ పిల్ల రాలేదు. బడి విడిచే వేళకు జిలానీ విసుక్కుంటే, ఒక పిల్లవాడు మెల్లగా చెప్పాడు, మాబున్ని వాళ్లమ్మ పోయిన పీర్ల పండగప్పుడు చనిపోయిందని. పిల్లలందరికీ తెలుసు. అయ్యవారికి తెలియదని వాళ్లెవరూ అనుకోలేదు.

జిలానీ కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తాడు. దారిలోనే గురువు ఎదురయ్యాడు, మాబున్ని చెయ్యి పట్టుకొని. ఖబరస్తాన్‌లో తల్లి సమాధి దగ్గర కనబడిందట.

ఆ పిల్ల జిలానీ ముందుకొచ్చి పిడికిలి విప్పింది. ఎర్రమట్టి.

"ఇంతే వచ్చింది అయ్యవారూ" అంది. "ఒప్పా, తప్పా?"



మస్తాన్‌షా భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు. ఒక్క రేణువు కూడా జారకుండా ఆ మట్టిని దాన్లో పోయించుకొని మూట కట్టాడు. తర్వాత, చదువు చెప్పించుకోవడానికి వచ్చినవాడిలా ఆ పిల్ల ఎదుట బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"మీ అమ్మ పేరేమి తల్లీ?"

"ఖాసింబీ."

అమ్మ ఏం వండేదో, ఏ పాట పాడేదో, కొట్టేదో కొట్టేది కాదో అన్నీ అడిగాడు. ఎన్నడూ పలకని పిల్ల ఆపకుండా చెబుతూనే ఉంది. జిలానీ పక్కన నిలబడి విన్నాడు. కూర్చోవడానికి మనసొప్పలేదు.

వాళ్ల నాయన వచ్చి మాబున్నిని తీసుకుపోయాక, జిలానీ గురువు పాదాల దగ్గర కూలబడ్డాడు.

"ఆ మాట రాయకుండా ఉండవలసింది హజ్రత్."



"ఆ మాట చదివినప్పుడు బిడ్డ మొహం ఎట్లుంది నాయనా?" అని అడిగాడు మస్తాన్‌షా.

జిలానీ గుర్తు చేసుకోబోయాడు. ఎంత తలచుకున్నా పెంకే కనిపించింది, దాని మీద తాను రాసిన నల్లటి అక్షరాలు కనిపించాయి.