చూడని వల

గవ్వలపాలెం అనే జాలరి పల్లెలో, తగవు వినకముందే తీర్పు మనసులో పెట్టుకునే ఎల్లాజీ అనే కులపెద్ద ఉండేవాడు. ఇష్టమైనవాడు చెప్పిందల్లా అతనికి నిజంగా తోచేది, గిట్టనివాడు చెప్పిందల్లా అబద్ధంగా తోచేది. మసేను అనే జాలరి అతనికి గిట్టేవాడు కాదు. పడవలు నిలిపే చోటు గురించి మసేను ఒకసారి నలుగురిలో అతనికి ఎదురు చెప్పాడు.

ఆ ఏడు పెద్ద తుఫాను వచ్చి వెళ్ళాక ఊరివాళ్ళు మళ్ళీ వేటకు వెళ్ళారు. దక్షిణం వైపు వేసిన వలలు వరసగా చిరిగి రాసాగాయి. వల పోతే జాలరి ఇంట్లో పొయ్యి వెలగదు. ఎవరో కావాలనే కోస్తున్నారని పుకారు పుట్టింది. మసేను ఎక్కువగా ఆ వైపే వేటాడతాడని ఒకరన్నారు. ఎల్లాజీకి ఆ మాట చాలింది. పంచాయితీ పెట్టించాడు.

మసేను తన వలను తెచ్చి ఇసుక మీద పరిచాడు. "పెద్దయ్యా, నా వల కూడా చిరిగింది, చూడండి. కత్తితో కోస్తే దారం నున్నగా తెగుతుంది. ఇది పీచులు పీచులుగా లేచింది. అడుగున దేనికో పట్టుకుని చిరిగింది. తుఫాను అక్కడ ఏదో తెచ్చి పడేసి ఉంటుంది."

"అనుమానం రాకుండా నీ వల నువ్వే చింపుకున్నావు" అన్నాడు ఎల్లాజీ. వల వైపు తల కూడా తిప్పలేదు.

అతని ఒక్కగానొక్క కొడుకు దానయ్య వంగి ఆ వలను చేతిలోకి తీసుకున్నాడు. "నాన్నా, ఇతను చెప్పేది సబబుగానే ఉంది. మిగతా వలలు కూడా తెప్పించి చూద్దాం. ఉత్తరం వైపు ఒక్క వలైనా చిరగలేదు. కోసేవాడే ఉంటే ఆ వైపు వలలు ఎందుకు వదిలేస్తాడు?"

"నా కొడుకువై ఉండి వాణ్ణి వెనకేసుకొస్తావా? నోరు ముయ్!" అని ఎల్లాజీ కసిరాడు.

మసేనును వెలివేశారు. అతను భార్యనూ చంటిబిడ్డనూ పడవలో కూర్చోబెట్టుకుని పొరుగు పల్లెకు వెళ్ళిపోయాడు.

అయినా మసేను చెప్పిందే నిజమేమోనని ఊళ్ళో గుసగుసలు ఆగలేదు. ఎల్లాజీకి పంతం పట్టింది. "కోసేవాడు పోయాడు, ఇక భయమేమిటి? రేపు మన పడవే దక్షిణానికి వెళ్తుంది" అన్నాడు.

"అడుగున ఏముందో తెలుసుకోకుండా వద్దు నాన్నా" అన్నాడు దానయ్య.

"నువ్వు వెళ్ళకపోతే నా తీర్పు తప్పని ఊరంతా అంటుంది."

పొద్దున్నే దానయ్య మేనమామను తోడు తీసుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం మేనమామ ఒక్కడే ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. "వల అడుగున పట్టేసింది బావా. లాగుతుంటే కెరటం వచ్చి పడవ తిరగబడింది. తాడు వాడి కాలికి చుట్టుకుంది" అని ఇసుకలో కూలబడ్డాడు.

కబురు విని పొరుగు పల్లె పడవలు కూడా వచ్చాయి. నీళ్ళలో మునిగి దానయ్య శవాన్ని పైకి తెచ్చినవాడు మసేను. తుఫానుకు మునిగిన ఇనుప పడవ ఒకటి అక్కడ అడుగున పడి ఉందని, దాని చువ్వలకు వలల ముక్కలు వేలాడుతున్నాయని అతను చెప్పాడు.

"ఆ రోజు నీ వల చూసి ఉంటే..." అన్నాడు ఎల్లాజీ.

మసేను దానయ్య ముఖం మీది ఇసుక తుడిచాడు. "ఆ రోజు చూసింది ఇతనొక్కడే" అని పడవెక్కాడు. ఊళ్ళోకి తిరిగి రమ్మని ఎందరు పిలిచినా రాలేదు.

నీతి: చెప్పేవాడు ఎవరని కాదు, చెప్పినదానికి ఆధారం ఏమిటని చూసి నిజం తేల్చాలి. పక్షపాతంతో ఇచ్చిన తీర్పు నిర్దోషిని శిక్షించి ఊరుకోదు, అసలు ప్రమాదాన్ని ఉన్నచోటే ఉండనిస్తుంది.